ఎడారి చూచుటకు ఎన్నినాళ్లు?



కాకినాడ సోదరి యొకరు క్రిందటి మాసమున మాకు లేఖ వ్రాసిరి. వచ్చు సంక్రాంతి సెలవులలో వారి కుటుంబము రాజస్థాన యాత్రకు వెళ్ల నిశ్చయించుకొన్నదట. అత్తమామలు, దంపతులు, ఇద్దరు పిల్లలు, వెరసి ఆరుగురు. చేతనున్నవి పది దినములు. మరదిగారు ప్రయాణపు పట్టికను సిద్ధపరచిరి. అందు జయపురము, ఉదయపురము, జోధపురము ముందు వచ్చును, చివర జైసల్మేరు. థార్ ఎడారికి లభించినది ఒక్క సాయంకాలము, నాలుగు గంటలు. "ఇసుక చూచుటకు నాలుగు గంటలు చాలవా? మీ అభిప్రాయము తెలుపుడు" అని ఆమె కోరిరి.

ప్రశ్న చిన్నది. సమాధానమును చిన్నదియే. చాలవు. ఎంత తగ్గించుకొన్నను జైసల్మేరున రెండు రాత్రులుండవలెను. అందొకటి ఇసుక తిన్నెలయొద్ద గడపవలెను. వృద్ధులును పిల్లలును వెంటనున్నచో మూడు రాత్రులు కావలెను. ఇంకొక మాట. ఎడారికి కావలసిన దినములను ముందుగా తీసి ప్రక్కనుంచి, పిదప మిగిలినవానిని పట్టణములకు పంచవలెను. మనవారు సాధారణముగ దీనికి విరుద్ధముగ చేయుదురు. పట్టణములకు పంచగా మిగిలిన గంటలు ఎడారి పాలగును. మేమును ఆ పొరపాటు చేసినవారమే. కావుననే ఇంత నిశ్చయముగ చెప్పుచున్నాము.

మా మొదటి ప్రయాణము 2018 జనవరిలో జరిగినది. మా వారు బడి పంతులు. ఏ కార్యము తలపెట్టినను ముందొక పట్టిక గీయుట వారి అలవాటు. ఆ యాత్రకును గంటలవారీగ పట్టిక గీసిరి. ఎఱ్ఱసిరాతో రైళ్లు, నీలిసిరాతో కోటలు. జైసల్మేరున దిగిననాడే కోటయు, హవేలీలును, సరస్సును చూచి, సాయంకాలము ఎడారికి పోయి, రాత్రి రైలెక్కవలెను. పట్టిక చూచుటకు ముచ్చటగ నుండెను. కాని అందు అత్తగారి మోకాళ్లకు వేళ లేదు. పిల్లకు జడ వేయుటకు, తడిబట్టలు ఆరవేయుటకు, మూటలు విప్పి కట్టుటకు వేళ లేదు. ఆ పనులు తాము చేయని వారికి అవి లెక్కకు రావు. వానిని చేయువారలమైన మేమును ఆనాడు నోరెత్తలేదు గనుక, తప్పులో సగము మాదియే.

మూడు గంటలకు రావలసిన బండి నాలుగున్నరకు వచ్చినది. దారిలో సారథి యొక బట్టల దుకాణముకడ ఆపి, దిగి చూడుడని బలవంతపెట్టెను. సామ్ తిన్నెలు పట్టణమునకు పడమరగ సుమారు 40 కిలోమీటరుల దూరమున నున్నవి. మేము చేరునప్పటికి సూర్యబింబము సగము క్రుంకినది. మేము ఒంటెకు బేరమాడుచుండగనే మిగిలిన సగమును పోయినది. పిల్ల చీకటిలో పావుగంట ఒంటెనెక్కి భయపడి దిగినది. అత్తగారు బండిప్రక్కన ఇసుకలో కూర్చుండి, పిడికెడు ఇసుక తీసి కొంగున ముడివేసికొని, "తెల్లవారేటప్పుడు ఇక్కడ ఎలా ఉంటుందమ్మా?" అని మమ్ము అడిగిరి. మా వారు గడియారము చూచి రైలునకు వేళయినదనిరి. లేచితిమి. రైలులో ఆమె, "ఇసుక చూశాం గానీ ఎడారి చూడలేదే అమ్మాయీ" అని నవ్విరి. మరల తీసికొనివచ్చెదమని మాట యిచ్చితిమి. మరుసటి భాద్రపదమున ఆమె కాలధర్మము నొందిరి.

2023 జనవరిలో మరల వెళ్లితిమి. ఈ పర్యాయము మూడు రాత్రులుంటిమి. ఇక చెప్పబోవునది ఆ రెండవ ప్రయాణమున నేర్చినది.

మొదట ఋతువు సంగతి. బడి సెలవులనుబట్టి మనకు రెండు అవకాశములు కలవు. దసరా సెలవులు అక్టోబరులో వచ్చును. అప్పటికి జైసల్మేరున పగటివేడిమి 35 డిగ్రీలు దాటుచునే యుండును. వేసవిలో 45 డిగ్రీలు దాటు దినములు కలవు. ఆ మాట తలపనే వలదు. నవంబరునుండి ఫిబ్రవరివరకు ఎడారి అనుకూలము. జనవరిలో పగలు 24 డిగ్రీల ప్రాంతమున నుండి, రాత్రి 8 డిగ్రీలవరకు దిగును, ఒక్కొక్కప్పుడింకను తగ్గును. మనము కోస్తావారము. ఎడారి యనగానే నూలుచీరలు సర్దుకొందుము. ఉన్నిశాలువ, మేజోళ్లు, చెవులు కప్పు గుడ్డ లేనిచో రాత్రి వణకుచు గడపవలసి వచ్చును. మాఘ పూర్ణిమ దగ్గర మూడు దినములు అచ్చట మరు మహోత్సవము జరుగును. అప్పుడు వేడుక యెక్కువ, జనసమ్మర్దమును ఎక్కువ. నెమ్మదిని కోరువారు ఆ దినములను తప్పించుకొనుట మేలు.

రెండవది గడియారము సంగతి. దీనిని పట్టికలు గీయువారు మఱచెదరు. మన దేశమంతటికిని ఒకే గడియారము. దానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖాంశము కాకినాడ సమీపముననే పోవుచున్నది. జైసల్మేరు ఆ రేఖకు పదకొండు డిగ్రీలకు పైగ పడమర నున్నది. డిగ్రీకి నాలుగు నిమిషములవంతున అచ్చటి సూర్యుడు ముప్పాతిక గంట వెనుకబడి యుండును. సంక్రాంతి దినములలో కాకినాడయందు సుమారు ఆరున్నరకు సూర్యోదయమగును. జైసల్మేరునందు ఏడున్నర దాటిన పిదపగాని కాదు. అస్తమయము కాకినాడయందు సుమారు ఐదుముప్పాతికకు, అచ్చట ఆరు గంటల పది నిమిషముల ప్రాంతమున. ఇందు మనకొక లాభము కలదు. ఎడారిలో సూర్యోదయము చూడవలెనన్న మూడు గంటలకు పిల్లలను లేపవలెనని తల్లులు జంకుదురు. అట్టి కష్టము లేదు. ఆరున్నరకు లేచినను, ముఖము కడుగుకొని, వెచ్చని టీ త్రాగి తిన్నె యెక్కుటకు వ్యవధి యుండును. మా అత్తగారు కోరిన ప్రభాతము అంత సులభమైనదని మేమెఱుగకపోతిమి.

సాయంకాలమునకును ఇదే లెక్క. ఆరుంబావుకు అస్తమయమన్న నాలుగు గంటలకు తిన్నెలకడ నుండవలెను. అందుకు జైసల్మేరు విడువవలసినది రెండున్నరకు. బండి ఆలస్యమునకును, దారిలో ఆగుటకును ఒక అరగంట కలిపి రెండు గంటలకే సిద్ధమై కూర్చుండుట ఉత్తమము. విడిది యేర్పరచువారితో ముందుగనే నాలుగు ప్రశ్నలడుగుడు. బండి యే వేళకు వచ్చును? దుకాణములకడ ఆపకుండ పోవునా? ఒంటె స్వారీ ఎంతసేపు, ఎచ్చటివరకు? మరునాడు ఎన్నింటికి తిరిగి వచ్చుట? ఈ నాల్గింటికిని స్పష్టమైన జవాబు రానిచో సొమ్ము చెల్లింపకుడు. స్త్రీలకు మరుగుదొడ్డి, వేడినీళ్లు, రాత్రి దీపము కలవా యని అడుగుటకును సిగ్గుపడరాదు.

మూడవది ఒంటె సంగతి. ఒంటె నడక గంటకు నాలుగైదు కిలోమీటరులు, మనిషి నడకకంటె గొప్ప వేగమేమియు కాదు. అలవాటు లేనివారికి ఒక గంట చాలును. గంటన్నర దాటినచో తొడలును నడుమును మరునాటివరకు నొచ్చును. కొందరు దినముల తరబడి ఒంటెలపై పోవుదురు. అది గృహస్థులు పిల్లలతో చేయదగినది కాదు. ఒంటె లేచునప్పుడు వెనుకకాళ్లు మొదట లేపును. అందుచే కూర్చున్నవారు ముందునకు తూలుదురు. అప్పుడు వెనుకకు వాలి జీను పిడి గట్టిగ పట్టుకొనవలెను. చీరకంటె సల్వారు సౌకర్యము. చీరయే కట్టుదుమనువారు ఒంటెబండి నడుగుడు. వృద్ధులకును అదియే క్షేమము. గర్భవతులును, నడుము నొప్పి కలవారును ఒంటెను, తిన్నెలపై ఎగిరిపడు జీపులను దూరమునుండియే చూచుట మంచిది.

ఒక గంట స్వారికి రెండు దినములేల యని మరదిగారు అడుగవచ్చును. ఎడారి యనగా స్వారి మాత్రమే కాదు. ఎడారియంతయు ఇసుక తిన్నెలును కాదు. థార్ సుమారు రెండు లక్షల చదరపు కిలోమీటరుల భూమి. అందు తిన్నెలకంటె రాతినేలయు, ముండ్లపొదలును, బీడును కనబడు తావులనేకము. దానిని తెలిసికొనుటకు మధ్యాహ్నమునకు ముందు రెండు మూడు గంటలు కావలెను.

ఆ వేళ మాకు మొదట కనబడిన చుట్టము జమ్మిచెట్టు. విరాటుని కొలువునకు పోవుముందు పాండవులు ఆయుధములు దాచిన శమీవృక్షమిదియే. మనము ఏటికొకసారి దసరానాడు దీనికి ప్రదక్షిణము చేసి ఆకు తెచ్చుకొందుము. అచ్చటివారికి ఇది యేడాది పొడవున ప్రాణాధారము. దాని ఆకు మేకలకును ఒంటెలకును మేత, నీడ మనుష్యులకు. లేతకాయల నెండబెట్టి 'సాంగ్రీ' యను కూర వండుదురు. మా విడిదిలో సజ్జరొట్టెతో దానిని వడ్డించిరి. వారు దీనిని ఖేజ్‌డీ యందురు. రాజస్థానమునకును తెలంగాణమునకును రాష్ట్రవృక్షమిదియే. 1730లో జోధపురము దగ్గరి ఖేజడ్లీ గ్రామమున రాజభటులు ఈ చెట్లను నరుక వచ్చినప్పుడు, అమృతాదేవి యను బిష్ణోయి గృహిణి చెట్టును కౌగిలించుకొని ప్రాణమిచ్చెను. ఆమెతో కలిపి 363 మంది ప్రాణములర్పించిరని చెప్పుదురు. ఒంటెకాపు తన ప్రాంతపు చెట్టని మాకు చూపగా, మా అమ్మాయి, "ఇది మా దసరా చెట్టు!" అని వానికి చెప్పినది. ఇద్దరును ఆశ్చర్యపడిరి. ఇట్టి మాటలు తొందరలో నున్నవారికి దొరకవు.

పట్టణమునకు పడమరగ సుమారు 18 కిలోమీటరులలో కుల్‌ధరా యను పాడుపడిన గ్రామము కలదు. పాలీవాల బ్రాహ్మణులు అందు కాపురముండి, పందొమ్మిదవ శతాబ్దమున విడిచిపోయిరి. దయ్యముల కథలు చెప్పు మార్గదర్శులు అచ్చట పెక్కండ్రు. మేము వారి నీటియుపాయము నెఱుగ గోరితిమి. జైసల్మేరున ఏటికి కురియు వాన సుమారు 200 మిల్లీమీటరులు. మన గోదావరి తీరమున అది వేయికి మించును. ఆ కొద్దివాన రాతివాలు మీదుగ జారి వచ్చునప్పుడు దిగువను మట్టికట్ట వేసి నిలుపుదురు. నీరు నేలలో ఇంకిన పిదప ఆ తడిమీదనే గోధుమలు, సెనగలు విత్తుదురు. దీనిని 'ఖడీన్' అందురు. ఇంటిలో నీటిబిందెల లెక్క తెలిసిన ఇల్లాలికి ఆ కట్ట కోటకంటె తక్కువ వింతగ తోపదు.

తిన్నెలకు దగ్గరనే 3,162 చదరపు కిలోమీటరుల ఎడారి జాతీయ వనము కలదు. బట్టమేక పిట్ట ఇచ్చట నివసించును. మన రోళ్లపాడున దానికొరకు 1988లో అభయారణ్యము నేర్పరచిరి. ఇప్పుడు దేశమంతట అడవులలో మిగిలిన పిట్టలు రెండువందలు కూడ లేవు. అది కనబడునని ఎవరును హామీ యియ్యలేరు. మాకు కనబడలేదు. అయినను బీడువంక గంటసేపు నిశ్శబ్దముగ చూచుటకు మా అమ్మాయి నేర్చుకొన్నది.

రాత్రి విడిదిలో మాంగణియారుల పాట యుండును. ఖడతాళ్ అను చెక్కలను, కమాయిచా యను తంత్రీవాద్యమును వారు వాయించుచుండగా కాలము తెలియదు. కాల్‌బేలియా నృత్యమును ఉండును. సామ్ తిన్నెలయొద్ద విడుదులు దగ్గరదగ్గరగ నుండుటచే ఒకరి యంత్రవాద్యము మరియొకరి పాటను మింగివేయును. నెమ్మది కావలసినవారు నైరుతిదిక్కున సుమారు 45 కిలోమీటరులలో నున్న ఖూడీ గ్రామమును విచారించుడు. మేము రెండవసారి అచ్చటనే దిగితిమి. పదిగంటలకు దీపములు తగ్గించిరి. నక్షత్రములు ఎంత దట్టముగ కనబడెననగా, నిత్యము చూచు సప్తర్షులను వెదకుటకు మాకు కొంతసేపు పట్టినది.

మరునాటి ఉదయము ఏడు గంటలకు మేము ముగ్గురమును తిన్నె యెక్కితిమి. ఇసుక మంచువలె చల్లగ నుండెను. వెలుగు వచ్చుకొలది దానిపై వ్రాతలవంటి జాడలు తేలినవి. పురుగులు ప్రాకిన సన్నని గొలుసులు, ఒకచోట నక్క నడిచిన వరుస. రాత్రియంతయు మేము నిద్రించిన చోటి చుట్టును ఒక లోకము తిరుగుచుండెనని అప్పుడు తెలిసినది. గాలి లేచిన పిదప అవి చెరగిపోవును. పది గంటలకు వచ్చువారికి ఇసుక మాత్రమే మిగులును. మా వారు చాలసేపు మాటలాడలేదు. పిదప, "అమ్మకు ఇది చూపించవలసినది" అనిరి. మేమేమియు ననలేదు. ఆ పర్యాయము వారు పట్టిక గీయలేదు.

ఇక కాకినాడ సోదరికి పది దినముల లెక్క. మన ప్రాంతమునుండి జోధపురము చేరుటకు రైళ్లలో రెండు దినములకు పైగ పట్టును, మరలుటకును అంతే. మిగులునవి సుమారు ఐదు దినములు. జయపురమునుండి జైసల్మేరు 550 కిలోమీటరులకు పైబడి యున్నది. ఉదయపురమునుండి దాదాపు 500. ఆ రెండు పట్టణములను ఈ సారికి విడువుడు. అవి ఎచ్చటికిని పోవు. జోధపురమున ఒక రాత్రి విశ్రమించి, ఉదయము జైసల్మేరునకు బయలుదేరుడు; సుమారు 300 కిలోమీటరులు, రైలున ఐదారు గంటలు. ఆనాడు ఏమియు చూడవలదు. పిల్లలకు స్నానము, పెద్దలకు నిద్ర. సాయంకాలము గడీసర్ సరస్సు గట్టున కూర్చుండిన చాలును. మరునాటి ఉదయము కోట చూడుడు. 1156లో రావల్ జైసల్ నిర్మింపనారంభించిన ఆ పచ్చరాతికోటలో నేటికిని కుటుంబములు కాపురములు చేయుచున్నవి. వాకిట ముగ్గులును, ఆరవేసిన అప్పడములును చూడవచ్చును. భోజనానంతరము రెండు గంటలకు ఎడారికి పొండు. రాత్రి అచ్చట. మూడవనాడు సూర్యోదయము చూచి, తీరికగ ఫలహారము చేసి, దారిలో ఊరులు చూచుచు మధ్యాహ్నమునకు పట్టణము చేరి, ఆ రాత్రి విశ్రమించుడు. నాల్గవనాడు జోధపురమునకు మరలుడు. ఐదవనాడు మెహ్రాన్‌గఢ్ కోటయు, ఖేజడ్లీయు చూచి రైలెక్కవచ్చును.

ఎవరైన, "అంత దూరము వచ్చి తనోట్, లోంగేవాలా చూడకుండుటయా?" అనవచ్చును. అవి జైసల్మేరునకు సుమారు 120 కిలోమీటరుల దూరమున, సరిహద్దు దిక్కున నున్నవి. 1971 డిసెంబరులో లోంగేవాలా యొద్ద మన సైనికులు చూపిన శౌర్యము తలపదగినదే. కాని దానికి ప్రత్యేకముగ ఒక దినము కావలెను. ఎడారి సాయంకాలమునుండి ఆ దినమును దొంగిలింపకుడు.

ఈ పట్టికను మరదిగారికి చూపునప్పుడు జగడమాడవలదు. కాగితము నడుమ ఆ మూడు రాత్రులను ముందుగ వ్రాసి, చుట్టును ఖాళీ విడిచి, "మిగిలినది మీరు పూరించుడు" అని యియ్యుడు. అంతకుముందు మీ అత్తమామలను ఒక్కమాట అడుగుడు: ఎడారిలో వారేమి చూడగోరుచున్నారు? మేము ఆ ప్రశ్నను బయలుదేరకముందు అడుగక, రైలునకు వేళయిన పిదప విన్నాము. కొంగున ముడివేసికొని వచ్చిన ఆ ఇసుకను మా అత్తగారు తులసికోటలో పోసిరి. నీళ్లు పోయునప్పుడెల్ల అది నల్లమట్టి నడుమ కొంచెము మెఱయుచు కనబడును. మీ తులసికోటకు మీ అత్తగారు స్వయముగ తెల్లవారుజాముననే ఏరుకొన్న ఇసుక రావలెనని మా కోరిక.